రాట్నాల తిరునాళ్ళు, నూలు తూకం రోజు

నూలు వడికేవారు నలుగురూ ఒకచోట చేరి వడకటం మన దేశంలో ఎప్పుడు ఉత్సవంగా మారింది, ఆ ఉత్సవంలో ఎవరు సంతోషించారు, ఎవరు పక్కన నిలబడ్డారు అన్న విషయాన్ని ఈ వ్యాసంలో పరిశీలించదలచాము. షోలాపురంలో, బరంపురంలో, బెంగుళూరులో, సేలం, కోయంబత్తూరు ప్రాంతాలలో తెలుగు చదువుతున్న విద్యార్థులలో చాలామంది నేతపని కుటుంబాలకు చెందినవారు. మగ్గం, నాడె, పడుగు, పేక అన్న మాటలు వారికి కొత్త కాదు. రాట్నం సంగతి అడిగితే మాత్రం బొమ్మలో చూశామంటారు. ఇందులో ఆశ్చర్యపడవలసినది లేదు. షోలాపురంలో మొదటి నూలుమిల్లు 1877లో వెలిసింది. అంతకు ఎంతోముందు నుంచే సీమనూలు మన రేవులలో దిగుతూ ఉంది. తెలంగాణ నుండి పద్మశాలి కుటుంబాలు అక్కడికి వెళ్ళి మగ్గాలు వేసుకొన్నప్పుడు వారి చేతికి అందినది ఎక్కువగా మిల్లునూలే. మగ్గం వారితో వలస వెళ్ళింది కాని రాట్నం వెళ్ళలేదు.

రాట్నం పోయినా దాని మాటలు కొన్ని మన నోళ్ళలో ఉండిపోయాయి. 'ఏకై వచ్చి మేకై కూర్చున్నాడు' అంటాం. ఏకు అంటే వడకటానికి సిద్ధంగా చుట్టిన మెత్తని దూదిచుట్ట. అంత మెత్తగా ఇంట్లోకి వచ్చినవాడు మేకులా దిగబడ్డాడని భావం. ఏకు ఏమిటో తెలియని వారికి ఈ మాటలోని చమత్కారం సగమే అందుతుంది. 'కదురూ కవ్వమూ ఆడితే కరువు లేదు' అన్న సామెత ఇంకొకటి. నూలు వడికే చోట తిరిగే ఇనుప పుల్ల కదురు. కన్నడంలో ఇది కదిరు, తమిళంలో కదిర్. నూలు మాట మూడు భాషలలోనూ ఒకటే. మైసూరు, కోయంబత్తూరు విద్యార్థులు తమ పొరుగువారి ఇళ్ళలో ఈ మాటల కోసం వెదికితే తేలికగా దొరుకుతాయి. రాట్నాన్ని కన్నడిగులు రాటె అంటారు, తమిళులు రాట్టినం అంటారు. వడికిన నూలును చుట్టి తీసిన కట్టను మనం చిలప అంటాం.

పాతరోజులలో వడకటం ఇంటిపని, ఆడవారి పని. వ్యవసాయం పనులు లేని నెలలలో, మధ్యాహ్నం వంటిల్లు సర్దుకొన్న తరువాత అరుగు మీద రాట్నం వేసుకొని కూర్చొనేవారు. పక్కింటివారూ తమ రాట్నం తెచ్చుకొనేవారు. సందడి ఉండేది, కబుర్లు ఉండేవి. కాని దానిని ఎవరూ ఉత్సవమని అనలేదు. సంతనాటికి నూలు సిద్ధం కాకపోతే ఉప్పుకూ మిరపకాయలకూ డబ్బు ఉండదు, అంతే. పందొమ్మిదవ శతాబ్దిలో మిల్లునూలు ఊరూరా వచ్చి పడడంతో ఈ పని క్రమంగా ఆగిపోయింది. నేతగాడికి కనీసం మగ్గం మిగిలింది. వడికే స్త్రీకి ఏమీ మిగలలేదు. వితంతువులు, ముసలివారు, బయటకు పోలేనివారు బతకటానికి ఆధారంగా ఉన్న పని అది. ఆ నష్టాన్ని గురించి మన చరిత్రలు నేతగాని కష్టాన్ని గురించి రాసినంతగా రాయలేదు.

ఇక ఉత్సవం సంగతి. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశం మూడు లక్ష్యాలు పెట్టుకొంది: కోటి రూపాయల తిలక్ స్వరాజ్య నిధి, కోటి మంది సభ్యులు, 20 లక్షల రాట్నాలు. పింగళి వెంకయ్య జెండా నమూనా గాంధీజీ ముందుకు వచ్చినది ఈ సభలోనే. దాని మీద రాట్నం ఉండాలన్న సలహా పంజాబుకు చెందిన లాలా హంసరాజ్‌ది. అటక మీద దుమ్ముకొట్టుకొని ఉన్న వస్తువు ఇలా ఒక్కసారిగా వీధిలోకి వచ్చింది. వడ్రంగులకు చేతినిండా పని దొరికింది. వకీళ్ళు, పంతుళ్ళు, కాలేజీ విడిచిపెట్టిన కుర్రవాళ్ళు తమ అమ్మమ్మల దగ్గర కూర్చొని దారం తీయటం నేర్చుకొన్నారు. మగవారు రాట్నం ముందు కూర్చోవటం చాలా ఊళ్ళలో అదే మొదటిసారి అయి ఉంటుంది.

తెలుగునాట ఈ సంబరం పతాక స్థాయికి చేరినది 1923 డిసెంబరులో, కాకినాడ కాంగ్రెసు మహాసభ నాడు. అధ్యక్షుడు మౌలానా మహమ్మదాలీ. గాంధీజీ అప్పటికి ఇంకా జైలులో ఉన్నారు. సభతో పాటు పెద్ద ఖద్దరు ప్రదర్శన ఏర్పాటయింది. దానిని ప్రారంభించినవారు రసాయన శాస్త్రవేత్త ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్. అఖిల భారత ఖద్దరు బోర్డు పుట్టినదీ ఈ సభలోనే. కొద్ది మైళ్ళ దూరంలోని యానాంలో ఫ్రెంచి జెండా ఎగురుతూ ఉండగా, ఇటు కాకినాడలో రాట్నం ఉన్న జెండా కింద జనం తీర్థానికి వచ్చినట్టు వచ్చారు.

ఆ ప్రదర్శన ద్వారం దగ్గర జరిగిన సంగతి చాలామందికి తెలిసినదే. టిక్కెట్టు లేనివారిని లోపలికి పంపవద్దని అక్కడ కాపలా పెట్టిన పద్నాలుగేళ్ళ స్వచ్ఛంద సేవిక జవహర్‌లాల్ నెహ్రూను ఆపివేసింది. నిర్వాహకులు కోప్పడితే, మీరు చెప్పినట్టే చేశానంది. వారు టిక్కెట్టు కొన్న తరువాతే ఆయనను లోపలికి పంపింది. నెహ్రూ ఆమెను మెచ్చుకొన్నారు. ఆ బాలిక దుర్గాబాయి. ఈ కథను ఆమె ధైర్యానికి ఉదాహరణగా పాఠ్యపుస్తకాలలో చెబుతారు. మాకు ఇందులో మరొకటి కూడా కనిపిస్తుంది. వడకటాన్ని చూడటానికి టిక్కెట్టు పెట్టారు. పాతికేళ్ళ క్రితం వరకు ఏ పల్లెలోనైనా అరుగు మీద ఊరికే కనిపించిన పని కాకినాడకు వచ్చేసరికి డబ్బు పెట్టి చూడవలసిన వింత అయింది. ఆ వింత పోయిన పనికి మళ్ళీ గౌరవం తెచ్చిన మాట నిజమే. కాని చూసేవారు వేరు, వడికేవారు వేరు అన్న ఏర్పాటు కూడా అక్కడే మొదలయింది.

ఈ తేడాను తుడిచివేయటానికి గాంధీజీ మరుసటి ఏడాదే ఒక ప్రయత్నం చేశారు. కర్ణాటక విద్యార్థులు దీనిని ప్రత్యేకంగా గమనించాలి. 1924 డిసెంబరులో బెళగాంలో జరిగిన కాంగ్రెసు మహాసభ ఆయన అధ్యక్షత వహించిన ఏకైక మహాసభ. కాంగ్రెసు సభ్యత్వానికి నాలుగణాల చందా బదులు నెలకు 2,000 గజాల చొప్పున ఏడాదికి 24,000 గజాల స్వయంగా వడికిన నూలు ఇవ్వాలని అక్కడ నియమం పెట్టారు. చూసేవాడు ఉండడు, అందరూ వడికేవారే. అలవాటు పడిన చెయ్యి గంటకు మూడు నాలుగు వందల గజాలు తీస్తుంది. ఆ లెక్కన ఏడాది మొత్తం మీద ఇది సుమారు 70 గంటల పని. 20 నంబరు నూలైతే బరువు సుమారు 650 గ్రాములు. పెద్ద భారమేమీ కాదు.

అయితే ఆ నియమంలో ఒక చిన్న కిటికీ వదిలారు. జబ్బు వల్లగాని, ఇష్టం లేకగాని వడకలేని సభ్యుడు అంతే నూలు మరొకరు వడికినది ఇవ్వవచ్చు. ఇష్టం లేనివారు సహజంగానే ఎక్కువమంది. వారు నూలు కొని ఇచ్చారు. అంటే స్వరాజ్యం కోసం వకీలుగారు వడకవలసిన నూలును ఏదో పల్లెలో ఒక పేద స్త్రీ కూలికి వడికింది. ఆమె పేరు సభ్యుల జాబితాలోకి ఎక్కలేదు. ఏడాది తిరగకుండానే, 1925 సెప్టెంబరులో పాట్నాలో, నాలుగణాల చందాను మళ్ళీ అనుమతించారు. వడుకు పనిని చూసుకోవటానికి అఖిల భారత చరఖా సంఘం అనే ప్రత్యేక సంస్థను అక్కడే స్థాపించారు. ఖద్దరు చరిత్ర రాసేవారు బెళగాం నియమాన్ని విఫలమైన ప్రయోగంగా ఒక వాక్యంలో తేల్చివేస్తారు. ఆ కిటికీ గుండా ఎవరి నూలు వచ్చిందో అడగటం అవసరమని మా అభిప్రాయం.

ఉత్సవంలోని ఆనందాన్ని తక్కువ చేయటం మా ఉద్దేశం కాదు. ఏప్రిల్ 6 నుండి 13 వరకు జాతీయ వారం. ఆ రోజులలో రాత్రింబగళ్ళు రాట్నం ఆగకుండా ఒకరి తరువాత ఒకరు కూర్చొని వడికేవారు. గాంధీజీ జన్మతిథి భాద్రపద బహుళ ద్వాదశిని చరఖా ద్వాదశి అన్నారు. సామూహికంగా వడకటాన్ని సూత్రయజ్ఞం అన్నారు. గాంధీజీ మరణానంతరం వినోబా సూచన మీద ప్రతి ఫిబ్రవరి 12న సర్వోదయ మేళాలలో సూతాంజలి మొదలయింది. ఎవరికివారు వడికిన ఒక గుండీ నూలు సమర్పించాలి. నాలుగడుగుల పోగులు 640 అయితే ఒక గుండీ. 1937 వార్ధా విద్యాపథకం తరువాత తకిలీ బడులలోకి వచ్చింది. చాలా ఊళ్ళలో పిల్లలు వరసగా కూర్చొని, దారం తెగినవాడిని వెక్కిరిస్తూ, పక్కవాడి ఏకు కాజేస్తూ నేర్చుకొన్నారు. ఆ తరంవారు ఇప్పుడు తాతలు, ముత్తాతలు. లెక్కలు మరచిపోయినా తకిలీ మరచిపోనివారు వారిలో ఉన్నారు.

ఒక గాంధీ జయంతికి మేమూ మా విద్యార్థులూ ఇటువంటి సమావేశంలో కూర్చొన్నాము. యాభైమంది దాకా వచ్చారు. కొందరు ఎరవాడ జైలులో గాంధీజీ రూపకల్పన చేసిన పెట్టె రాట్నాలు తెచ్చారు, కొందరు తకిలీలు. స్వెటర్లు అల్లే యువతులు ఇద్దరు తమ సూదులతో వచ్చి, మిగిలినవారు వడికిన లావుపాటి దారంతోనే చిన్న సంచి అల్లటం మొదలుపెట్టారు. అల్లిక మన ప్రాంతాలలో పాత విద్య కాదు. గోదావరి మండలంలో నరసాపురం లేసు అల్లే చేతులు వేలకొద్దీ ఉన్నా అక్కడ వాడేది మిల్లుదారమే. చేత్తో వడికినది వెంటనే చేత్తో అల్లటం మాకు కొత్తగా, ముచ్చటగా అనిపించింది. కొత్తవారి దారం ఒకచోట తాడులా, మరొకచోట వెంట్రుకలా వస్తుంది. పురి ఎక్కువైతే ముడుచుకొంటుంది, తక్కువైతే విడిపోతుంది. తెగినచోట ఏకు అంచుకు దారం కొసను ఆనించి మళ్ళీ కదురు తిప్పితే అదే అతుక్కొంటుంది. అది తెలిసిన క్షణాన ఎవరి ముఖమైనా వికసిస్తుంది. అనంతపురం వైపునుండి వచ్చి స్థిరపడిన ఒక పెద్దావిడ మా విద్యార్థిని చేయి పట్టుకొని, "లాగొద్దు తల్లీ, వస్తాది, రానీ" అన్నది. ఆ పూట మేము విన్న పాఠాలలో అంతకంటే స్పష్టమైనది లేదు. వడకటంలో కుడిచేతికి వేగం, ఎడమచేతికి ఓర్పు కావాలి. యాభై రాట్నాలు కలిసి తిరిగే చప్పుడు వానచినుకుల చప్పుడులా ఉంటుందని చెబితే అతిశయోక్తి అనుకోరాదు.

ఇలా ఇష్టపడి వచ్చినవారి కూటమికి జంటగా మరొక కూటమి ఉండేది. అది నూలు తూకం రోజు. ఖద్దరు కేంద్రాలకు వారానికి ఒకసారి చుట్టుపక్కల పల్లెల స్త్రీలు చిలపలు మూటగట్టుకొని నడిచి వచ్చేవారు. నూలు తూచి, నంబరు చూసి, గట్టిదనం పరీక్షించి కూలి ఇచ్చేవారు. మరుసటి వారానికి దూది ఇచ్చేవారు. దారం బలహీనంగా ఉంటే కూలి తగ్గేది. తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్న కొంగునాడులో ఈ పని పెద్దయెత్తున సాగింది. 1925 ఫిబ్రవరిలో రాజగోపాలాచారి తిరుచెంగోడు దగ్గర స్థాపించిన గాంధీ ఆశ్రమం కరువు పల్లెలలో దూది పంచి నూలు కొన్నది. తిరుప్పూరు తమిళదేశపు ఖద్దరుకు ముఖ్య కేంద్రమయింది. ఇప్పుడు అదే తిరుప్పూరు యంత్రాల మీద అల్లిన బనియన్లకు దేశమంతటా పేరుపొందింది. తూకం రోజు గురించి వర్ణనలు తక్కువ, పాటలు లేవు, టిక్కెట్టూ లేదు. కాని సంఖ్యలో చూస్తే వడికేవారి అసలు సమూహం ఇదే.

ఈ రెండు కూటములూ ఎదురుపడినది 1935లో. ఖద్దరు చౌకగా అమ్ముడుపోవాలని అప్పటివరకు అందరూ పాటుపడ్డారు. చౌక కావటానికి దారి వడికేవారి కూలి తగ్గించి ఉంచటమే. గాంధీజీ దీనిని ఎదిరించి, గంటకు ఒక అణా చొప్పున ఎనిమిది గంటలకు ఎనిమిదణాలు ఇవ్వాలన్నారు. చరఖా సంఘం కార్యకర్తలు బెదిరిపోయారు. ధర పెరిగితే కొనేవారెవరు? చివరకు ఎనిమిది గంటల మంచి పనికి మూడణాల దగ్గర మొదలుపెట్టటానికి ఒప్పుకొన్నారు. వడికేవారు తాము కూడా ఖద్దరే కట్టాలని, అందుకు కూలిలో కొంత నిలిపి ఉంచాలని షరతు పెట్టారు. ఆ షరతు మంచిదేనా అని ఇప్పటికీ వాదించవచ్చు. తన నూలుతో తయారైన బట్టను తానే కట్టలేని స్థితి పోవాలన్నది ఆలోచన. కాని కూలి డబ్బును ఎలా ఖర్చు పెట్టుకోవాలో ఆమెకు మరొకరు చెప్పటం కూడా అందులో ఉంది. ఏమైనా, వడికే స్త్రీ కూలిని దేశం ముందు ప్రశ్నగా నిలబెట్టినది ఈ నిర్ణయమే. మా దృష్టిలో ఖద్దరు ఉద్యమ చరిత్రలో బెజవాడ, కాకినాడ, బెళగాం సభలకంటే 1935 ముఖ్యమైన సంవత్సరం.

యంత్రం ద్వారా ఈ చిక్కును విప్పాలని చూసినవారూ ఉన్నారు. ఎనిమిది గంటలలో 16,000 గజాలు తీసే రాట్నం 150 రూపాయలకు మించని ధరలో తయారుచేసినవారికి లక్ష రూపాయల బహుమానం ఇస్తామని 1929లో చరఖా సంఘం ప్రకటించింది. అది ఎవరికీ దక్కలేదు. ఇరవయ్యేళ్ళ తరువాత తిరునెల్వేలి జిల్లా పాపాంకుళానికి చెందిన ఏకాంబరనాథన్ కొత్త రాట్నం చేశారు. ఆయన పేరులోని అంబరమే దానికి పేరయి, అంబరు చరఖా నాలుగు కదుళ్ళతో దేశమంతా పాకింది.

చేతి వడుకు వేడుకలన్నీ ఖద్దరువే కావు. దక్కన్ పీఠభూమిలో గొర్రెబొచ్చు వడికి గొంగళ్ళు నేయించే కురుమలు, కురుబలు, ధనగరులు ఏ ఉద్యమమూ చెప్పకముందు నుంచీ వడుకుతున్నారు. కొల్హాపూరు జిల్లా పట్టణకోడోలిలో బీరదేవుని జాతరకు చేరే ధనగరులు పసుపుతో పాటు గొర్రెబొచ్చును కూడా దేవుని మీద చల్లుతారు. ఇది విడిగా రాయవలసిన విషయం. కర్ణాటకలో నంజనగూడు దగ్గరి బదనవాళు ఖద్దరు కేంద్రం 1927 నాటిది. అక్కడ 2015లో రంగస్థల దర్శకుడు ప్రసన్న చేనేతకారులను, చేతిపనివారిని, వారి మిత్రులను సమావేశపరచినప్పుడు మళ్ళీ చర్చకు వచ్చినది చేతిపనికి దక్కవలసిన విలువ సంగతే.

ఇక పొందూరు. బరంపురం విద్యార్థులకు ఇది పరాయి ఊరు కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు బరంపురం, శ్రీకాకుళం రెండూ మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలోవే. ఆ తరువాత శ్రీకాకుళం విశాఖపట్నం జిల్లాలో కలిసి, 1950లో వేరు జిల్లా అయింది. పొందూరు బట్ట సన్నదనం విని గాంధీజీ తన కుమారుడు దేవదాసును అక్కడికి పంపి పని తీరు చూసిరమ్మన్నారు. దేవదాసు చూసిన పద్ధతి ఇప్పటికీ పెద్దగా మారలేదు. కొండపత్తిని గింజతో సహా వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ చిన్న పళ్ళ వరస పత్తిలోని మురికినీ పొట్టి పీచునూ విడదీసి, పొడవు పీచును సాపు చేస్తుంది. చెక్కపలక మీద సన్నని ఇనుప కడ్డీ దొర్లించి గింజ తీస్తారు. చిన్న వింటితో దూది ఏకుతారు. ఏకులను నలగకుండా ఎండిన అరటిపట్టలో పెట్టుకొంటారు. ఆపైన ఇరవైనాలుగు ఆకుల పెద్ద చక్రం, ఒకే కదురు. వడికేది ఎక్కువగా పట్టుసాలి కుటుంబాల స్త్రీలు.

వారు తీసే నూలు 100 నుండి 120 నంబరు దాకా ఉంటుంది. ఒక పౌను బరువుకు 840 గజాల చిలపలు ఎన్ని తూగితే అది అన్నవ నంబరు. 120 నంబరు అంటే పౌను దూదినుండి 1,00,800 గజాలు, అంటే 57 మైళ్ళ దారం. ఇంత దారం తీయటానికి ఎన్ని వారాలు పడుతుందో, దానికి ఎంత కూలి వస్తుందో విద్యార్థులు పైన చెప్పిన గంటకు గజాల లెక్కతో తామే వేసుకొని చూడవచ్చు. సన్ననూలు లావునూలు కంటే నెమ్మదిగా వస్తుందని కూడా లెక్కలో కలుపుకోవాలి.

పొందూరు పంచెలు ప్రదర్శనలలో మంచి ధర పలుకుతాయి. వడికే స్త్రీలను కూడా అప్పుడప్పుడు నగరాలకు తీసుకువెళ్ళి వేదిక మీద కూర్చోబెడతారు, చుట్టూ జనం మూగుతారు, ఫోటోలు తీస్తారు. ఊళ్ళో మాత్రం కదురు ముందు కూర్చొనేవారు ఎక్కువగా నడివయసు దాటినవారే. రోజంతా వడికితే వచ్చేది బయట కూలికి పోతే వచ్చేదానికంటే తక్కువ కావటం వల్ల కూతుళ్ళు, కోడళ్ళు ఆ పనిలోకి రావటం లేదు. ఒక నేతగానికి సరిపడా సన్ననూలు అందాలంటే పలువురు వడకాలి. మగ్గం సిద్ధంగా ఉండి, నేసే చెయ్యి ఉండి, నూలు కోసం ఆగవలసిన రోజులు అక్కడి నేతగాళ్ళకు ఇప్పుడు ఎదురవుతున్నాయి.